చిప్పుకు తెలిసింది ఒక్క చోటే

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డును కొత్తగా కొన్నవాళ్లు చాలామంది మొదట్లోనే ఒక చిక్కులో పడతారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్‌ను ఇంటర్నెట్ నుంచి దించుకుంటారు. చూడటానికి అది ఒక్కటే ఫైలు. దాన్ని మామూలుగా ఎస్‌డీ కార్డులోకి కాపీ చేసి, కార్డును బోర్డులో పెట్టి, కరెంటు ఇస్తారు. ఎర్రదీపం వెలుగుతుంది కానీ తెర మీద లినక్స్ జాడే ఉండదు. ఫైలు మాత్రం ఒక్క బైటు కూడా తప్పకుండా కార్డులోనే ఉంది. అయినా బోర్డుకు అది లేనట్టే.

ఫైలును కాపీ చేసినప్పుడు, ఖాళీ ఎక్కడుంటే అక్కడ దాన్ని సర్దే పని ఫైల్ సిస్టమ్‌ది. కార్డులో అది ఏ సెక్టారులో, అంటే ఏ 512 బైట్ల గడిలో, పడిందో మనకు అక్కర్లేదు. రోజువారీ వాడకంలో ఈ నిశ్చింత పెద్ద సౌకర్యం. అయితే బోర్డు బూట్ అయ్యే వేళ, అంటే కరెంటు అందాక ఆపరేటింగ్ సిస్టమ్ మొదలయ్యేటప్పుడు, ఈ సౌకర్యమే అడ్డు తగులుతుంది. అప్పుడు కార్డులో ఏముందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడుందన్నదీ అంతే ముఖ్యం.

కరెంటు అందిన క్షణాన బోర్డు మీది ప్రధాన చిప్పుకు వాడుకోవడానికి ర్యామ్ కూడా సిద్ధంగా ఉండదు. తయారీలోనే దాని లోపల స్థిరంగా ముద్రించిన బూట్ రోమ్ అనే చిన్న ప్రోగ్రాము ఒక్కటే దానికి దిక్కు. చిప్పు ఫ్యాక్టరీ దాటాక ఆ ప్రోగ్రామును ఎవరూ మార్చలేరు. బస్సు దిగగానే కొత్త ఊళ్లో ఒక్క ఇంటి నంబరు చీటీతో నిలబడ్డ మనిషి పరిస్థితి దానిది. ఆ నంబరు ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటివాళ్లను అడగాలన్న ఆలోచన కూడా దానికి రాదు.

ఆ చీటీలో ఏముంటుందన్నది ఒక్కో చిప్పుకు ఒక్కో తీరు. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చిన తొలి రాస్ప్‌బెర్రీ పైలో ముందు మేలుకొనేది ఏఆర్‌ఎం ప్రాసెసరు కాదు, గ్రాఫిక్స్ భాగం. దాని రోమ్ కార్డులో ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఉన్న పార్టిషన్‌ను (కార్డులో విడగొట్టిన భాగాన్ని) వెతికి, ‘బూట్‌కోడ్.బిన్’ అనే ఫైలును అందుకుంటుంది. ఆ ఫైలు ‘స్టార్ట్.ఎల్ఫ్’ను పిలుస్తుంది. అది ‘కాన్ఫిగ్.టీఎక్స్‌టీ’ చదివి, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను ర్యామ్‌లోకి చేర్చి, అప్పుడు గానీ ఏఆర్‌ఎం ప్రాసెసరును లేపదు. 2019లో వచ్చిన పై 4లో తొలి మెట్టు కార్డును వదిలి, బోర్డు మీదే ఉన్న ఈఈప్రామ్ అనే చిన్న మెమరీ చిప్పుకు మారింది. ఈ గొలుసు మధ్యలో తెగితే ఆకుపచ్చ దీపమే సంగతి చెబుతుంది. పై 4లో నాలుగుసార్లు మెరిస్తే స్టార్ట్ ఫైలు దొరకలేదని, ఏడుసార్లు మెరిస్తే కెర్నెల్ దొరకలేదని అర్థం. తెర వెలగని చోట ఈ లెక్కే సగం రోగనిర్ధారణ.

వేరే బోర్డుల్లో కనిపించే ఆల్‌విన్నర్ కంపెనీ చిప్పులకు ఫైళ్లతో పనే లేదు. కార్డు మొదటి నుంచి సరిగ్గా 8 కేబీ దూరంలో, అంటే సున్నా నుంచి లెక్కిస్తే 16వ సెక్టారులో, ఏముంటే దాన్నే బూట్ ప్రోగ్రాముగా చూస్తాయి. రాక్‌చిప్ తయారీ చిప్పులు 64వ సెక్టారుకు వెళ్తాయి. బీగిల్‌బోన్ బ్లాక్ అనే బోర్డులోని చిప్పు ‘ఎంఎల్ఓ’ అనే ఫైలుతో సరిపెట్టుకోగలదు, లేదా ముందే నిర్ణయించిన కొన్ని చోట్లను నేరుగా చదవగలదు. ఒక బోర్డుకు చేసిన ఇమేజ్ ఇంకో బోర్డు మీద కదలకపోవడానికి ప్రాసెసరు తేడాలు మాత్రమే కారణం కాదు. చాలాసార్లు వ్యవహారం అంతకంటే ముందే, చిరునామా దగ్గరే ఆగిపోతుంది. ఆల్‌విన్నర్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. జీపీటీ అనే కొత్త తరహా పార్టిషన్ పట్టిక మామూలుగా కార్డు మొదట్లో 34 సెక్టార్లను ఆక్రమిస్తుంది. 16వ సెక్టారు సరిగ్గా దాని మధ్యలో పడుతుంది. పట్టిక రాస్తే బూట్ ప్రోగ్రాము చెడుతుంది, బూట్ ప్రోగ్రాము రాస్తే పట్టిక చెడుతుంది. తర్వాతి కాలపు చిప్పుల్లో 128 కేబీ దగ్గర కూడా వెతికే ఏర్పాటు చేశాక గానీ ఈ పేచీకి దారి దొరకలేదు.

ఇమేజ్ అంటే అందుకే ఫైళ్ల మూట కాదు. ఒక కార్డు మొత్తానికి మొదటి బైటు నుంచి తీసిన అచ్చు. రాస్ప్‌బెర్రీ పై ఇమేజ్ మొదటి సెక్టారును, బైట్లను సంఖ్యలుగా చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూడటం ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా చేయాల్సిన పని అని నా నమ్మకం. మొత్తం 512 బైట్లు. వాటిలో మొదటి 446 బైట్లు పాత పీసీలు బూట్ ప్రోగ్రాము కోసం కేటాయించుకున్న చోటు. రాస్ప్‌బెర్రీ పైకి దానితో పని లేదు కాబట్టి అక్కడ దాదాపు అన్నీ సున్నాలే. ఆ సున్నాల చివర, 440వ బైటు దగ్గర, నాలుగు బైట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. తన అసలు పార్టిషన్ ఏదో కెర్నెల్ ఆ సంఖ్యతోనే పోల్చుకుంటుంది. తర్వాత 16 బైట్ల చొప్పున నాలుగు వరుసలు, అదే పార్టిషన్ పట్టిక. మొదటి వరుసలో ‘0సీ’ అని కనిపిస్తే అది ఫ్యాట్ పార్టిషన్, రెండో వరుసలో ‘83’ అంటే లినక్స్‌ది. మొదటి వరుసలోనే ‘00 20 00 00’ అని కనిపిస్తే, దాన్ని వెనక నుంచి చదవాలి. అది 8192, అంటే ఆ పార్టిషన్ మొదలయ్యే సెక్టారు. చిట్టచివర 55, ఏఏ అనే రెండు బైట్ల ముద్ర.

ఇమేజ్‌ను కార్డుకు రాయడం ముగిశాక విండోస్ ‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?’ అని అడిగితే కంగారు పడనక్కర్లేదు, అవుననీ అనకూడదు. రెండో పార్టిషన్‌లోని ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ విండోస్‌కు అర్థం కాదు, అంతే. 32 జీబీ కార్డు కొన్ని వందల ఎంబీలుగా కనిపించడమూ ఇందువల్లే. కనిపించేది మొదటి పార్టిషన్ ఒక్కటే.

ఇమేజ్‌ను రాసే పాత పనిముట్టు యూనిక్స్ కాలపు డీడీ. ఏ ఫైలు నుంచి ఏ పరికరానికో చెబితే చాలు, మారు మాట్లాడకుండా మొదటి బైటు నుంచి రాసుకుంటూ పోతుంది. లినక్స్‌లో కార్డు పేరు ఎస్‌డీబీ అయితే పొరపాటున ఎస్‌డీఏ అని కొట్టారంటే, అది చాలా కంప్యూటర్లలో సొంత హార్డ్ డిస్కు. ముందుగా ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశంతో పరిమాణాలు చూసి కార్డును గుర్తుపట్టాకే ఎంటర్ నొక్కాలి. కుదించిన ఎక్స్‌జెడ్ ఫైలును విప్పకుండా డీడీకి అందించినా అది కిమ్మనదు. అప్పుడు మొదటి సెక్టారులో పార్టిషన్ పట్టికకు బదులు కుదించిన డేటా చేరుతుంది. ఇలాంటి ప్రమాదాలు తప్పించే ఎచర్, 2020లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ వంటివి కొత్తవాళ్లకు నిస్సందేహంగా మేలు. అవి కుదింపును తామే విప్పుతాయి, రాసినదాన్ని తిరిగి చదివి సరిచూస్తాయి.

సరిచూడటంలోనూ ఒక సూక్ష్మం ఉంది. లినక్స్ మనం రాయమన్నదాన్ని ముందు ర్యామ్‌లో దాచుకుని, తీరిక చూసుకుని కార్డుకు పంపుతుంది. డీడీ ముగిసినట్టు కనిపించినా కార్డుకు ఇంకా చేరాల్సింది మిగిలి ఉండవచ్చు. సింక్ ఆదేశం ఇచ్చి, అది పూర్తయ్యేదాకా కార్డును తీయకూడదు. వెంటనే తిరిగి చదివినా, జవాబు కార్డు నుంచి కాక ర్యామ్‌లోని నకలు నుంచే రావచ్చు. అప్పుడు ర్యామ్‌ను ర్యామ్‌తోనే పోల్చినట్టవుతుంది. కార్డును ఒకసారి తీసి మళ్లీ పెట్టి చదివితే ఆ సందేహం ఉండదు.

ఇంతా చేసి మనం ‘16వ సెక్టారు’ అంటున్నది కూడా కార్డు మనకిచ్చిన మాట మాత్రమే. ఫ్లాష్ మెమరీలో పాత రాతను అక్కడికక్కడ దిద్దడం కుదరదు. ఒక పెద్ద దిమ్మెను మొత్తంగా చెరిపితేనే అందులో కొత్తగా రాయగలం, అలా చెరపడానికీ ఒక హద్దు ఉంది. అందుకే ప్రతి ఎస్‌డీ కార్డులోనూ చిన్న కంట్రోలరు ఉండి, రాతలను ఎప్పటికప్పుడు వేరే చోట్లకు మారుస్తూ, ఏ సెక్టారు అసలు ఎక్కడుందో లెక్క రాసుకుంటుంది. ఇమేజ్ కోరే కచ్చితమైన స్థానాలన్నీ ఆ లెక్క మీదే నిలుస్తాయి. 2013లో హార్డ్‌వేర్ పరిశోధకుడు ఆండ్రూ హువాంగ్, ఆయన సహచరుడు కొన్ని కార్డుల్లోని కంట్రోలరులో తమ సొంత ప్రోగ్రామును నడిపి చూపించారు. కార్డు కూడా ఒక కంప్యూటరేనని అంతకంటే స్పష్టంగా చూపడం కష్టం.

నకిలీ కార్డుల మోసం సరిగ్గా ఇక్కడే జరుగుతుంది. లోపల 8 జీబీ చిప్పు పెట్టి, 64 జీబీ అని చెప్పేలా కంట్రోలరును మారుస్తారు. మనం రాసిన ఇమేజ్ మూడు నాలుగు జీబీలే కాబట్టి సరిచూడటంలో అంతా సరిగ్గానే వస్తుంది, బోర్డు చక్కగా లేస్తుంది. మొదటి బూట్‌లోనే రెండో పార్టిషన్ 64 జీబీల మేరకు పెరుగుతుంది. కొంతకాలానికి కొత్త రాతలు 8 జీబీ హద్దు దాటి, అసలు మెమరీయే లేని చోటికి చేరుకుంటాయి. అప్పుడు ఫైళ్లు చెడిపోతే నింద బోర్డు మీదో లినక్స్ మీదో పడుతుంది. ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాములు కార్డును పూర్తిగా నింపి, మళ్లీ మొత్తం చదివి, నిజమైన పరిమాణం ఎంతో తేలుస్తాయి. పెద్ద కార్డుకు ఈ పరీక్ష గంటలు పడుతుంది. కొత్త కార్డు చేతికి రాగానే, ఇమేజ్ రాయకముందే చేయాల్సిన పని ఇది. తర్వాత చేయాలంటే కార్డులో ఉన్నదంతా తుడిచి మళ్లీ మొదలుపెట్టక తప్పదు.