పదహారులో ఆరు: బ్రిటిష్ డిటెక్టివ్ ధారావాహికలు ఇంటికి చేరిన దారి

1968లో బీబీసీ పీటర్ కుషింగ్‌ను షెర్లాక్ హోమ్స్‌గా నిలిపి 16 భాగాల ధారావాహికను రంగుల్లో తీసి ప్రసారం చేసింది. ఇవాళ దాని డిస్కులు కొనుక్కున్నవారికి దక్కేవి ఆరు భాగాలే. అందులోనూ బాస్కర్‌విల్ వేటకుక్క కథ ఒక్కటే రెండు భాగాలు కనుక, లెక్కకు అయిదు కథలు. మిగిలిన పదీ ఏ గిడ్డంగిలోనో విడుదలకు నోచుకోక పడి ఉన్నాయనుకుంటే పొరపాటు. వాటి టేపులను సంస్థే చెరిపేసింది. ఆ తరువాత పదహారేళ్లకు, 1984లో, మాంచెస్టర్‌లోని గ్రనడా టెలివిజన్ జెరెమీ బ్రెట్‌తో మొదలుపెట్టి 1994 దాకా తీసిన హోమ్స్ కథలు మాత్రం 41కి 41 పదిలంగా ఉన్నాయి, క్యాసెట్టుగా, డిస్కుగా, ఓటీటీలో ప్రసారంగా ఇప్పటికి ఎన్నోసార్లు రూపం మార్చుకున్నాయి. ఒకే కథానాయకుడు, ఒకే దేశం, మధ్యలో రెండు దశాబ్దాలైనా తిరగని ఎడం; అయినా ఇంత తేడా రావడానికి కారణం నటనలోనో రచనలోనో లేదు. బ్రిటిష్ అపరాధ పరిశోధక కథల్లో, పాతకాలపు ఇళ్ల కథల్లో ఏవి మన అల్మరాలోకి వచ్చాయి, ఏవి రాలేదు అన్నది చాలావరకు దేనిమీద చిత్రించారు, ఎవరితో ఎలాంటి ఒప్పందం రాసుకున్నారు, పరదేశంలో ఎవరు కొన్నారు అన్న మూడు విషయాలను బట్టే తేలింది.

బీబీసీ 1936లో లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి టెలివిజన్ ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు నాటకం అంటే నాటకమే: నటులు స్టూడియోలో ఆడుతుంటే అదే క్షణాన ఇళ్లలో కనిపించేది. ఆదివారం ఆడిన నాటకాన్ని గురువారం మళ్లీ చూపాలంటే అదే నటవర్గాన్ని తిరిగి పిలిపించి మొదటినుంచి ఆడించేవారు. మన పరిషత్తు నాటకాల సంగతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు. తెర దించాక మిగిలేది చూసినవారి జ్ఞాపకమే కదా. ప్రసారమవుతున్న తెరకు ఎదురుగా సినిమా కెమెరా పెట్టి ఫిల్ము మీదికి ఎక్కించుకునే పద్ధతి తరువాత వచ్చింది గాని, దాన్ని అన్నిటికీ వాడలేదు.

1956లో అమెరికా సంస్థ ఆంపెక్స్ వీడియో టేపు యంత్రాన్ని బయటపెట్టింది, 1958 నాటికి అది బీబీసీకి చేరింది. రెండు అంగుళాల వెడల్పున్న ఆ టేపు ఎంతో ఖరీదైన సరుకు. దాని గొప్పతనమంతా చెరిపి మళ్లీ వాడుకోవచ్చన్న దాంట్లోనే ఉందని అప్పటి ఇంజినీర్లు భావించారు. కనుక టేపును భద్రపరచవలసిన ప్రతిగా ఎవరూ చూడలేదు, పలకగా చూశారు. దీనికి ఒప్పందాల చిక్కు తోడైంది. నటుల సంఘం ఈక్విటీ, సంగీతకారుల సంఘం, రచయితల సంఘం, ఇవన్నీ పాత కార్యక్రమాల పునఃప్రసారాలు పెరిగితే కొత్త పని తగ్గుతుందని భయపడి, ఎన్నిసార్లు, ఎంతకాలంలోగా మళ్లీ చూపవచ్చో హద్దులు గీయించుకున్నాయి. ఆ గడువు దాటితే టేపుకు విలువ లేదు, పైగా చోటు దండగ. కడుపు నింపుకోవలసిన నటుల వైపునుంచి చూస్తే ఆ హద్దుల్లో అన్యాయమేమీ లేదు. నష్టం వాటివల్ల కంటే, ఈ బొమ్మలను జనం ఎప్పటికైనా ఇంట్లో కొనిపెట్టుకుంటారన్న ఊహ ఒక్కరికీ రాకపోవడం వల్ల ఎక్కువగా జరిగింది. 1967లో బీబీసీ రెండో ఛానెల్‌లో, 1969 చివర మొదటి ఛానెల్‌లోనూ ప్రైవేటు వాణిజ్య ఛానెల్ ఐటీవీలోనూ రంగుల ప్రసారాలు రావడంతో నలుపు-తెలుపు టేపులు మరీ పనికిరానివైపోయాయి.

ఈ చెరిపివేతకు బలైన పోలీసు కథలు తక్కువేమీ కాదు. 1955 నుంచి 1976 దాకా నడిచిన డిక్సన్ ఆఫ్ డాక్ గ్రీన్ 430కి పైగా భాగాలు ప్రసారమైతే, మిగిలినవి వాటిలో పదో వంతు కూడా లేవు. దీనికి బీబీసీ ఒక్కదాన్నే అనడానికీ లేదు: ఐటీవీకి చెందిన ఏబీసీ సంస్థ 1961లో తీసిన గూఢచారి కథల ధారావాహిక ది అవెంజర్స్ తొలి సిరీస్ 26 భాగాల్లో పూర్తిగా ఉన్నవి మూడు, ఆ మూడోది దొరికింది 2016లో. దొరికినవన్నీ దాదాపుగా ఫిల్ము ప్రతులే. విదేశీ టీవీ సంస్థలకు అమ్మడానికి టేపులోని బొమ్మను 16 ఎంఎం ఫిల్ము మీదికి దించి పంపేవారు. ఇంటి దగ్గర టేపు చెరిగిపోయినా ఆ ప్రతి ఏ దేశంలోనో, ఏ సేకర్త అటకమీదో బతికి ఉండేది. కుషింగ్ కంటే ముందు, 1965లో డగ్లస్ విల్మర్ హోమ్స్‌గా నటించిన నలుపు-తెలుపు ధారావాహిక చాలావరకు దక్కడం దాని అదృష్టం. అందులో రెండు భాగాలు మాత్రం సగం సగమే మిగిలాయి. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2015లో ఆ డిస్కులు వేసినప్పుడు, వాటిలో అబ్బీ గ్రేంజ్ కథకు పోయిన మొదటి సగం స్థానంలో, అప్పటికి తొంభై దాటిన విల్మర్ చేతనే ఆ కథను చదివించి చిత్రించి చేర్చింది. కథ చెబుతున్న వృద్ధుడు మాయమై, అదే మనిషి నడివయసు హోమ్స్‌గా కనబడే ఆ మలుపు, పునరుద్ధరణ పనుల్లో నేనెరిగిన మేలైన ఆలోచన. ఆ మరుసటి ఏడాదే ఆయన మరణించారు.

1978 ప్రాంతంలో బీబీసీ చెరిపివేతను ఆపి, ఏది ఉంచాలో నిర్ణయించే ఉద్యోగులను పెట్టుకుంది. అప్పటికి పదేళ్ల ముందునుంచే గాలి మారుతోంది, మార్చింది ఒక కుటుంబ కథ. 1967 జనవరిలో బీబీసీ రెండో ఛానెల్‌లో మొదలైన 26 భాగాల ఫోర్సైట్ సాగా, మరుసటి ఏడాది మొదటి ఛానెల్‌లో ఆదివారం సాయంత్రాలు తిరిగి ప్రసారమైనప్పుడు, చర్చీలు సాయంకాల ప్రార్థన వేళలు మార్చుకున్నాయని చెప్పుకునేవారు. దాని అసలు ఘనత అమ్మకాల్లో ఉంది. సోవియట్ యూనియన్ సైతం కొనుక్కున్న ఆ ధారావాహిక 1969లో అమెరికా వాణిజ్యేతర విద్యా ఛానెళ్లలో కూడా ఆదరణ పొందింది. దాన్ని చూసే బోస్టన్‌లోని డబ్ల్యూజీబీహెచ్ కేంద్రం, మొబిల్ చమురు కంపెనీ డబ్బుతో, 1971 జనవరిలో మాస్టర్‌పీస్ థియేటర్ అన్న వారపు కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. వ్యాఖ్యాత అలిస్టేర్ కుక్ కుర్చీలో కూర్చుని బ్రిటిష్ కథలను అమెరికా వారికి పరిచయం చేసేవారు. 1980లో డిటెక్టివ్ కథలకోసమే మిస్టరీ అన్న తోబుట్టువు పుట్టింది. అట్లాంటిక్‌కు అవతల వారం వారం కొనేవాడు దొరికాక, బ్రిటన్‌లో పాత టేపు దండగ సరుకు కాకుండా పోయింది.

అయితే కొన్నవాడు మొత్తం చూపించాలని నియమమేమీ లేదు. లండన్ వీకెండ్ టెలివిజన్ 1971 నుంచి 1975 దాకా తీసిన అప్‌స్టెయిర్స్ డౌన్‌స్టెయిర్స్ 68 భాగాల కథ. రంగుల యంత్రాలకు అదనపు జీతం అడుగుతూ ఐటీవీ సాంకేతిక సిబ్బంది చేసిన ఆందోళన కారణంగా దాని తొలి భాగాలను నలుపు-తెలుపుల్లో రికార్డు చేయవలసి వచ్చింది. అమెరికాలో తొలిసారి ప్రసారమైనప్పుడు మొదటి రెండు సిరీస్‌లలోని 26 భాగాల్లో సగం చూపనేలేదు. పూర్తి సెట్ చేతికి వచ్చాకనే అక్కడి చాలామంది అభిమానులు ఆ ఇంటి పనివాళ్ల కథ అసలు ఎక్కడ మొదలైందో చూడగలిగారు.

ఇక బొమ్మ నాణ్యత సంగతి. డెబ్బైల బ్రిటిష్ నాటకాల్లో గది లోపలి దృశ్యాలను ఎలక్ట్రానిక్ కెమెరాలతో టేపు మీద, ఆరుబయటి దృశ్యాలను 16 ఎంఎం ఫిల్ము మీద తీయడం ఆనవాయితీ. పాత్ర గుమ్మం దాటగానే వెలుగు, రంగు, కదలిక మారిపోవడం ఏ పాత డిస్కులోనైనా గమనించవచ్చు. ఎనభైల మొదట్లో గ్రనడా వంటి సంస్థలు లోపలా బయటా అంతా ఫిల్ము మీదే తీయడానికి పూనుకున్నాయి. 1981లో వచ్చిన బ్రైడ్స్‌హెడ్ రివిజిటెడ్ అలాంటిదే. 1984లో వచ్చిన 14 భాగాల ది జ్యువెల్ ఇన్ ది క్రౌన్ కోసం ఉదయపూర్, మైసూరు, సిమ్లా దాకా వచ్చి చిత్రీకరించారు. బ్రిటిష్ పాలన చివరి రోజుల కథ కనుక మన దేశమే అందులో సగం పాత్ర. బ్రెట్ హోమ్స్ కథలు, 1987 నుంచి 2000 దాకా ఆక్స్‌ఫర్డ్ వీధుల్లో తిరిగిన ఇన్‌స్పెక్టర్ మోర్స్ 33 భాగాలు, డేవిడ్ సుషే 1989 నుంచి 2013 దాకా ఓర్పుగా పూర్తిచేసిన అగాథా క్రిస్టీ డిటెక్టివ్ పొయిరో 70 భాగాలు ఈ దారిలోనే వచ్చాయి. ఖర్చెక్కువన్న మాట నిజమే, కానీ ఆ ఖర్చు ముప్పై ఏళ్ల తరువాత వడ్డీతో తిరిగి వచ్చింది. ఫిల్ము నెగెటివ్‌ను మళ్లీ స్కాన్ చేస్తే నాటి టీవీలో కనబడని కోటు నేత సైతం ఇప్పుడు తేటగా కనిపిస్తుంది. 625 గీతల టేపు మీద తీసిన బొమ్మలో లేని వివరాన్ని ఏ యంత్రమూ పుట్టించలేదు. అందుకే అదే కాలానికి చెందిన రెండు ధారావాహికల్లో ఒకటి బ్లూరేగా మెరుస్తుంటే మరొకటి మసకగానే ఉంటుంది. ఇందులో డిస్కు వేసినవారి తప్పు లేదు.

ఇంట్లో వీడియో యంత్రాలు బ్రిటన్‌లో డెబ్బైల చివర అమ్మకానికి వచ్చాయి, 1980లో బీబీసీ తన వీడియో విభాగాన్ని తెరిచింది. మొదటి రోజుల క్యాసెట్లు ఎక్కువగా అద్దెకు తెచ్చుకునేవి, ఖరీదైనవి; ధారావాహిక భాగాలను కత్తిరించి ఒకే సినిమాలా కుట్టి అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. 1984 నాటి వీడియో రికార్డింగ్స్ చట్టం కొద్దిపాటి మినహాయింపులు తప్ప ప్రతి క్యాసెట్టుకు సెన్సారు వర్గీకరణను తప్పనిసరి చేసింది. ఈ రంగం తన బలం తాను తెలుసుకున్నది మాత్రం 1995 శరదృతువులో. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ ఆరు భాగాల ప్రసారం ఇంకా ముగియకముందే, చివరి భాగానికి వారం ముందు, పూర్తి కథను క్యాసెట్లుగా బజారులో పెట్టారు. మొదట వేసిన 12,000 సెట్లు రెండు గంటల్లో అయిపోయాయి. వారం రోజులు ఆగితే ఉచితంగా చూడగల ముగింపును డబ్బు పెట్టి కొన్నారంటే, వారికి కావలసింది ముగింపు తెలుసుకోవడం కాదు, కథను తమ దగ్గర ఉంచుకోవడమని వ్యాపారులకు అర్థమైంది.

కొన్నది ఎక్కడైనా ఆడుతుందా అన్నది వేరే చిక్కు. బ్రిటన్, భారత్ వాడినది సెకనుకు 25 ఫ్రేముల పాల్ పద్ధతి, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. ఒకదానికోసం చేసిన క్యాసెట్టు మరొకదానిలో సరిగా ఆడదు. డీవీడీతో ఈ కంచె మరింత గట్టిపడింది, ఎందుకంటే ఈసారి దాన్ని కావాలనే కట్టారు: అమెరికాకు ఒకటో ప్రాంత సంఖ్య, బ్రిటన్‌కు రెండు, భారత్‌కు అయిదు. బ్లూరేలో అవి ఏ, బీ, సీ అయ్యాయి. లండన్‌లో ఉండే తెలుగువారు హైదరాబాద్‌లోని నాన్నగారికి కొని తెచ్చిన బ్రిటిష్ డిస్కు ఇక్కడి ప్లేయరు మొరాయిస్తే పాడైందనుకోనక్కరలేదు. అమ్మకపు ఒప్పందం ప్రాంతాల వారీగా ఉన్నందున డిస్కు కూడా ప్రాంతానికి కట్టుబడి ఉంటుంది. 2010లో మొదలైన డౌన్‌టన్ యాబీ అమెరికా డిస్కుల పెట్టెమీద అసలు బ్రిటిష్ కూర్పు అని ప్రత్యేకంగా అచ్చువేయడం కూడా ఈ కోవలోదే. అక్కడి ప్రసారానికి కొంత కత్తిరించారు కనుక, కత్తిరించనిది ఇది అని కొనేవారికి హామీ ఇవ్వవలసి వచ్చింది.

బొమ్మ భద్రంగా ఉన్నా కాగితం లేకపోతే విడుదల లేదు. ఐటీవీ అంటే మొదట్లో ఒకే సంస్థ కాదు, ప్రాంతాలవారీ లైసెన్సులున్న పలు కంపెనీల కూటమి. గ్రనడా, యార్క్‌షైర్, లండన్ వీకెండ్ వంటివి క్రమంగా కలిసి 2004లో ఒకే ఐటీవీ సంస్థగా ఏర్పడటంతో వాటి భాండారాలు ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఆ కూటమిలోనే ఉండి లైసెన్సు కోల్పోయిన థేమ్స్ కంపెనీ కార్యక్రమాలు చేతులు మారి ఫ్రీమాంటిల్ సంస్థకు వెళ్లాయి. దక్షిణ ఇంగ్లండ్‌కు చెందిన టీవీఎస్ కథ అన్నిటికంటే విచిత్రం: 1992 చివర లైసెన్సు పోయాక ఆ కంపెనీ అమెరికా వారి పాలైంది, దాన్ని కొన్నవారిని మరొకరు కొనగా 2001లో మొత్తం డిస్నీకి చేరింది. ఇన్ని ఇళ్లు మారేసరికి నటులకు, రచయితలకు, సంగీతానికి సంబంధించిన ఒప్పంద పత్రాలు చాలావరకు పోయాయి. ఎవరికి ఎంత చెల్లించాలో తేలకుండా డిస్కు వేసే సాహసం ఎవరూ చేయరు.

ఈ కాగితాల అడవిలో దారి చేసినవి పెద్ద సంస్థల కంటే చిన్నవే. అమెరికాలో ఏకార్న్ మీడియా బ్రిటిష్ డిటెక్టివ్ డిస్కులనే వృత్తిగా పెట్టుకుని, 2011లో ఏకార్న్ టీవీ అన్న ఓటీటీని తెరిచి, మరుసటి ఏడాది అగాథా క్రిస్టీ రచనల హక్కులున్న సంస్థలో 64 శాతం వాటా కొనేంతగా ఎదిగింది. ఆ వ్యాపారం చూశాకనే కావచ్చు, బీబీసీ, ఐటీవీల వాణిజ్య విభాగాలు 2017లో అమెరికాలో బ్రిట్‌బాక్స్ పేరుతో సొంత ఓటీటీ దుకాణం పెట్టాయి. 2024లో ఐటీవీ తన సగం వాటాను 25.5 కోట్ల పౌండ్లకు బీబీసీ స్టూడియోస్‌కు అమ్మింది. ఒకనాడు టేపు ఖర్చు మిగుల్చుకోవడానికి హోమ్స్‌ను చెరిపిన సంస్థ కుటుంబమే పాత కథల అంగడికి ఇంత పెట్టింది.

బ్రిటన్‌లో ఈ పనికి పేరుబడ్డది నెట్‌వర్క్. టిమ్ బెడోస్ 1997లో నెలకొల్పిన ఈ సంస్థ, మరెవరూ లాభం చూడని పాత ఐటీవీ కథలను వెతికి, నెగెటివ్‌లు శుభ్రం చేయించి, వందల శీర్షికలుగా వేసింది. 1960 నుంచి 1963 దాకా రూపర్ట్ డేవిస్ నటించగా బీబీసీ తీసిన ఫ్రెంచ్ డిటెక్టివ్ మెగ్రే కథల 52 భాగాలూ చెక్కుచెదరకుండా ఉన్నా, పూర్తి సెట్‌గా 2021లో గాని బ్రిటన్‌లో బయటికి రాలేదు, వేసింది నెట్‌వర్కే. బెడోస్ 2022లో కన్నుమూశారు, మరుసటి ఏడాది సంస్థ దివాలా తీసి మూతపడింది. హక్కులు ఆయా యజమానులకు తిరిగి వెళ్లాయి. అది వేసిన డిస్కుల్లో పలు ఇప్పుడు పాత సరుకు అమ్మేవారి దగ్గర, అచ్చువేసిన ధరకంటే ఎక్కువకు, దొరికితే దొరుకుతున్నాయి.