కాఫీ సీసాల్లో చనుబాలు

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల పేగులు మహా సున్నితంగా ఉంటాయి. ఒక్కోసారి పేగు వాచి, కుళ్ళి, ప్రాణం మీదికి వస్తుంది. డబ్బాపాలు తాగేవాళ్ళతో పోలిస్తే తల్లిపాలు తాగేవాళ్ళలో ఈ జబ్బు బాగా తక్కువ. కానీ ముందే కాన్పయిన బాలింతకి వెంటనే పాలు పడకపోవచ్చు. అవి పడేదాకా ఇంకో తల్లి పాలే ఆ బిడ్డకి ఆసరా.

పూర్వం దాదులుండేవారు. తల్లుల దగ్గర పాలు సేకరించి, అవసరమైన పిల్లలకి ఇచ్చే మొదటి పాల బ్యాంకు 1909లో వియన్నాలో వచ్చింది. 1980లలో పాల ద్వారా ఎయిడ్స్ సోకుతుందన్న భయంతో అమెరికా, యూరప్‌లలో చాలా బ్యాంకులు మూతపడ్డాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రెజిల్ ముందుకు నడిచింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది అదే.

రియో డి జనీరోలో 1943 నుంచే పాల బ్యాంకు ఉంది. మొదట్లో పాలిచ్చినవాళ్ళకి డబ్బిచ్చేవారు. అలాంటిచోట పేదతల్లి సొంతబిడ్డకి తగ్గించి అమ్ముకునే ప్రమాదం ఉంటుంది. 1985 నుంచి పద్ధతి మారింది. పాలు దానమే, అమ్మకం లేదు. చన్ను గడ్డకట్టి నొప్పితో వచ్చిన బాలింతకి, పాలు పట్టడం తెలియక టెన్షన్ పడే తల్లికి సాయం చేయడమే బ్యాంకు మొదటి పని అయింది. అలా సాయం అందుకున్నవాళ్ళే దాతలయ్యారు.

ఖర్చు తగ్గించడానికి జొవావ్ అప్రీజియో అనే శాస్త్రవేత్త బృందం విదేశీ సీసాలు మానేసి, ప్లాస్టిక్ మూతల గాజు కాఫీ సీసాలని ఉడికించి వాడింది. బ్రసీలియాలో అగ్నిమాపక సిబ్బంది ఇంటింటికీ వెళ్ళి ఆ సీసాలు తెస్తారు. ల్యాబులో ఒక మిల్లీలీటరు పాలలో రంగు మారే సూచిక వేసి, క్షారాన్ని బొట్టుబొట్టుగా కలుపుతారు. గులాబీ రంగు రావడానికి ఎక్కువ క్షారం పట్టిందంటే బ్యాక్టీరియా పెరిగి పాలు పులిశాయన్నమాట, పారబోయాల్సిందే. సన్నటి గొట్టంలో కొంచెం పాలు వేసి గిర్రున తిప్పితే మీగడ ఓ చివరికి చేరుతుంది. దాని పొడవుని బట్టి కొవ్వెంతో తెలుస్తుంది. బరువు పెరగని బిడ్డకి చిక్కటివి ఇస్తారు.

తర్వాత 62.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 నిమిషాలు వేడిచేస్తారు. హెచ్‌ఐవీ సహా ప్రమాదకరమైన క్రిములు చస్తాయి. రోగనిరోధక శక్తినిచ్చే పదార్థాలు కొన్ని తగ్గిపోతాయి కూడా. అందుకే సొంత తల్లి పాలు అందిన రోజున బ్యాంకు పాలు ఆపేస్తారు.

ఇప్పుడు బ్రెజిల్‌లో 200 పైగా బ్యాంకులున్నాయి. మన దేశంలో మొదటిది 1989లో ముంబయి సయాన్ ఆస్పత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ మొదలుపెట్టారు. హైదరాబాద్ నీలోఫర్ ఆస్పత్రిలో 2017లో వచ్చింది.