తనఖా దస్తావేజులో తప్పు, అప్పు తీసుకున్నవాడి ఐపీ: అపోహలు - వాస్తవాలు

"సవరణదేముందండీ, ఎప్పుడైనా చేయించుకోవచ్చు!" తనఖా మీద అప్పిచ్చినవాళ్ల నోట ఈ మాట తరచూ వింటుంటాను. కొన్నాళ్లకు వాళ్లలోనే కొందరు కోర్టు నోటీసు పట్టుకుని వస్తారు. అప్పు తీసుకున్నవాడు ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాడని.

అపోహ: దస్తావేజులో తప్పు ఎప్పుడైనా దిద్దుకోవచ్చు.

వాస్తవం: అవతలి మనిషి సంతకానికి విలువ ఉన్నంతవరకే. మన దగ్గర మామూలు వ్యక్తుల దివాలాకు ఇంకా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే నడుస్తోంది. కోర్టు దివాలా ప్రకటించగానే, 28వ సెక్షన్ ప్రకారం అతని ఆస్తి కోర్టుకో, ఆస్తి చూసుకోడానికి కోర్టు పెట్టే రిసీవరుకో దఖలు పడుతుంది. అదీ ప్రకటించిన రోజు నుంచి కాదు, పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్క. ఈలోగా బతిమాలి రాయించుకున్న సవరణ దస్తావేజును రిసీవరు ఎందుకు ఒప్పుకుంటాడు? స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ కింద దావా వేయొచ్చు గానీ, మోసమో, ఇరుపక్షాల పొరపాటో జరిగిందని రుజువు చేయాలి.

తెనాలి వైపు ఒక మాస్టారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు ఒక వ్యాపారికిచ్చి, ఇల్లు తనఖా రాయించుకున్నారు. షెడ్యూల్లో (దస్తావేజులో ఆస్తి వివరాలు రాసే చోట) సర్వే నంబరు 112/2 బదులు 121/2 అని పడింది. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీస్తే ఆ ఇంటి మీద తనఖాయే కనపడలేదు. వ్యాపారిని అడిగితే "సంక్రాంతి వెళ్లాక సంతకం పెడతా మాస్టారూ" అన్నాడు. పండగ వెళ్లింది, ఐపీ నోటీసు వచ్చింది. చివరికి ఆయన్ని కాపాడింది చెక్కుబందీ, అంటే దస్తావేజులో రాసిన హద్దులు. నాలుగు హద్దులూ, లింకు డాక్యుమెంటు (ఆ ఆస్తి పాత దస్తావేజు) నంబరూ సరిగ్గా ఉన్నాయి. సర్వే నంబరుకూ హద్దులకూ పొంతన కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. కానీ అది తేలేదాకా పెద్దాయన పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అదే ఇల్లు మధ్యలో ఎవరైనా కొనుక్కుని ఉంటే కథ ఇంకోలా ఉండేది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇండెక్సులో వివరాలు సరిగ్గా ఎక్కితేనే రిజిస్ట్రేషన్ లోకానికి తెలిసినట్టు లెక్క. ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్‌లోనే ఆ మాట ఉంది.

హద్దులు కాపాడలేని తప్పులూ ఉన్నాయి. వంద రూపాయలు, ఆపైన అప్పుకు మామూలు తనఖా రాస్తే రిజిస్ట్రేషనూ, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలూ ఉండాల్సిందే (ఆస్తి బదిలీ చట్టం 59వ సెక్షన్). ఒక్క సాక్షే ఉంటే తనఖా చెల్లదు. అలాగని అప్పు ఎగిరిపోదు, భయపడకండి. అయితే మీరు చేబదులిచ్చినవాళ్ల వరసలోకి జారిపోతారు, వచ్చిందాంట్లో వాటా పంచుకోవాలి. తనఖాకు ఉండే 12 ఏళ్ల గడువు పోయి మామూలు అప్పుకుండే 3 ఏళ్లే మిగులుతాయి.

అపోహ: ఐపీ పెడితే తనఖా పోయినట్టే.

వాస్తవం: సరైన తనఖా ఉంటే ఐపీ దాన్ని ముట్టుకోదు. ఇన్సాల్వెన్సీ చట్టం 28వ సెక్షన్‌లోనే రాసి ఉంది.

అపోహ: తనఖాలో తప్పుంది కాబట్టి బాకీదారుకు ఇల్లు మిగిలిపోతుంది.

వాస్తవం: ఎవరు పుట్టిస్తారో ఈ పుకార్లు! తనఖా చెల్లకపోతే ఇల్లు రిసీవరు చేతికి వెళ్తుంది. అమ్మగా వచ్చింది అప్పులవాళ్లందరికీ పంచుతారు.

కంపెనీకి అప్పిచ్చినవాళ్లకు ఇంకో మెలిక ఉంది. కంపెనీల చట్టం 77వ సెక్షన్ కింద ఛార్జి (కంపెనీ ఆస్తి మీద మీకున్న తనఖా హక్కు) రిజిస్టరు కాకపోతే, కంపెనీ మూతపడ్డప్పుడు ఆస్తులు అమ్మి పంచే లిక్విడేటరు దాన్ని లెక్కలోకే తీసుకోడు. దస్తావేజు ఎంత శుభ్రంగా ఉన్నా అంతే.

నోటీసు ఇప్పటికే వచ్చిందా? 'తనఖా ఉంది కదా' అని ఊరుకోకండి. తనఖా ఆస్తి అమ్మి తరుగు పడ్డ బాకీకి క్లెయిమ్ వేస్తారా, తనఖా వదులుకుని మొత్తానికి వేస్తారా, ఆస్తికి విలువ కట్టి మిగతాదానికి వేస్తారా అన్నది ఇన్సాల్వెన్సీ చట్టం 47వ సెక్షన్ ప్రకారం తేల్చుకోవాలి. ఆ సెక్షన్ పాటించకపోతే పంపకంలో మీకు పైసా రాదు. వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు అసలు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, తాజా ఈసీ మూడూ పట్టుకెళ్లండి.