గ్రిడ్ కంప్యూటింగ్ థియరీకే ఎందుకు పరిమితమైంది?

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు బీటెక్ సీఎస్ఈ పిల్లల్ని గ్రిడ్ కంప్యూటింగ్ (వేర్వేరు చోట్ల, వేర్వేరు యజమానుల దగ్గరున్న కంప్యూటర్లని కలిపి ఒకే పెద్ద కంప్యూటర్‌లా వాడుకోవడం) అంటే ఏంటని అడగండి, చాలామంది దాని నిర్మాణం చూపే ఐదు పొరల బొమ్మ గీసి, పరీక్షలో ఎన్ని మార్కులకు వస్తుందో కూడా చెప్తారు. గ్రిడ్ మీద ఒక్క జాబ్ (కంప్యూటర్‌కి అప్పగించే పని) నడిపి చూసినవాళ్లు మాత్రం అరుదు. తప్పు పిల్లలది కాదు.

అసలు మొదలైంది చాలా మామూలు అవసరంతో. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో, రాత్రిళ్లు ఖాళీగా ఉండే మెషీన్లతో పని చేయించుకోవడానికి కాండర్ అనే సాఫ్ట్‌వేర్ నడపడం మొదలుపెట్టారు. ఎవరైనా వచ్చి కీబోర్డ్ ముట్టుకుంటే చాలు, నడుస్తున్న జాబ్ పక్కకి తప్పుకుని ఇంకో ఖాళీ మెషీన్ వెతుక్కుంటుంది. తర్వాత 1995లో ఐ-వే ప్రయోగంలో 17 చోట్ల ఉన్న సూపర్ కంప్యూటర్లను కలిపారు, 1998లో ఇయాన్ ఫోస్టర్, కార్ల్ కెసెల్‌మన్ పుస్తకంతో గ్రిడ్ అన్న పేరు స్థిరపడిపోయింది. యూరప్‌లోని కణ భౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్ ప్రయోగాల డేటాకి ఏ ఒక్క సెంటరూ సరిపోక దేశదేశాల సెంటర్లని కలిపితే, అందులో మన ముంబై టీఐఎఫ్ఆర్, కోల్‌కతా వీఈసీసీ పరిశోధనా సంస్థలు కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధనా సంస్థ సీ-డాక్ గరుడ పేరుతో మన దేశానికే ఒక గ్రిడ్ కట్టింది.

మరి క్లాసుకి ఎందుకు రాలేదు? అప్పట్లో గ్రిడ్ అంటే గ్లోబస్ టూల్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్, దాన్ని ఇన్‌స్టాల్ చేయడమే పెద్ద తలనొప్పి. ప్రతి మెషీన్‌కీ, ప్రతి యూజర్‌కీ గుర్తింపు చూపే డిజిటల్ సర్టిఫికెట్ కావాలి, రెండు మెషీన్ల గడియారాల్లో కొన్ని నిమిషాలు తేడా వచ్చినా లాగిన్ కుదరదు, ఎర్రర్ చూస్తే అసలు కారణం గడియారమని తోచదు. మూడు గంటల ల్యాబ్‌లో, అంతమంది పిల్లల్ని పెట్టుకుని, ఏ లెక్చరర్ చేయగలరు? ఈలోగా 2006లో అమెజాన్ ఈసీ2 అనే క్లౌడ్ సర్వీస్ వచ్చింది, కార్డు గీకితే ఇంటర్నెట్‌లో మెషీన్ అద్దెకి దొరికేసరికి సిలబస్‌లు చాలావరకు క్లౌడ్ వైపు తిరిగాయి. 2018 జనవరిలో గ్లోబస్ టూల్‌కిట్‌కి సపోర్ట్ కూడా ఆపేశారు.

నాకు బాధగా ఉండేది ఇక్కడే. అద్దె మెషీన్‌లో నేర్చుకోలేనిది గ్రిడ్‌లో ఉంది: ఎవరి మెషీన్లు వాళ్లవే, యజమానులు వేరు, అయినా పంచుకోవాలి. కాలువ నీళ్లు వంతులేసుకుని శివారు భూములదాకా పారించే ఊళ్ల పిల్లలకి ఈ చిక్కు కొత్తగా చెప్పక్కర్లేదు. కాండర్ ఇప్పటికీ హెచ్‌టీకాండర్ పేరుతో ఉచితంగా దొరుకుతోంది, లినక్స్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది. సాయంత్రం తాళం పడే కాలేజీ ల్యాబ్‌లు రెండు కలిపితే, ఒక సెమిస్టర్ ప్రాక్టికల్స్‌కి సరిపడా గ్రిడ్ తయారవుతుంది.