తెల్ల పువ్వు, పసుపు మరక

పిల్లలూ,

వానలు వెనకపట్టాయి, పారిజాతం చెట్టు మళ్లీ రాలుస్తోంది. నిన్న పొద్దున మీలో ఒకరు గౌను ఒడినిండా పూలు ఏరుకొచ్చి, ఒడి చూసుకుని బిక్కమొహం వేశారు. "తాతయ్యా, పువ్వు తెల్లగా ఉంటే మరక పసుపుగా పడిందేం?"

పువ్వును తిరగేయండి. రేకులు తెల్లనివే కానీ కింద కాడ పగడంలా ఉంటుంది. పగడమల్లె అన్న పేరు అందుకే. ఆ కాడలో క్రోసిన్ అనే రంగు పదార్థం ఉంది. కుంకుమపువ్వుకు రంగిచ్చేదీ అదే! ఈ రెండు మొక్కలకూ దగ్గర చుట్టరికమేమీ లేదు. ఇది మల్లె కుటుంబపు చెట్టు, అది దుంప నుంచి మొలిచే చిన్న మొక్క.

క్రోసిన్‌ని ఓ పల్లకి అనుకోండి. లోపల రాజుగారి పేరు క్రోసెటిన్. రంగంతా ఆయనదే. క్యారెట్‌లోని కెరోటిన్‌కు దగ్గరి బంధువు. కెరోటిన్‌లో 40 కార్బన్ పరమాణువులుంటే ఈయనలో 20. ఆ వంశానికి నీళ్లంటే పడదు. క్యారెట్‌ని ఎంతసేపు నానేసినా నీళ్లు నారింజరంగుకు తిరగవు చూడండి. కానీ మన రాజుగారి పల్లకిని ముందు ఇద్దరు, వెనక ఇద్దరు బోయీలు మోస్తున్నారు. నలుగురూ గ్లూకోజులే. చక్కెరకు నీళ్లంటే ప్రాణం కదా, వాళ్లు దిగితే పల్లకీ దిగాల్సిందే. మంచు తడి తగలగానే గౌను మీదికి అలాగే దిగింది. కొన్ని పల్లకీలకు ఇద్దరే బోయీలు. అవెలా నిలబడతాయని అడక్కండి, నా పోలిక అంత దూరం రాదు.

నా చిన్నప్పుడు చొక్కా జేబుకు ఇదే మరక. సిరా అని చెప్పాను. "పసుపు సిరా ఎక్కడ దొరుకుతుందిరా?" అంది అమ్మ. అబద్ధం ఆడేముందు రంగైనా చూసుకోవాలి! దెబ్బలు పడలేదు కానీ చొక్కా నాలుగు రోజులు ఎండలో వేలాడింది. మరక వెలిసింది. ఈ కాడలతో పూర్వం బట్టలకు రంగు అద్దేవాళ్లు. ఎండకు నిలవకపోవడమే దానితో చిక్కు.

రేపు తెల్లారగానే రాలిన పూలే ఏరండి, కొమ్మలు దులపకండి. కాడలు తుంచి కొన్ని నీళ్లలో, కొన్ని నూనెలో వేయండి. పక్కనే మరో రెండు గిన్నెల్లో క్యారెట్ తురుము. సాయంత్రానికి ఏ గిన్నె ఏ రంగుకు తిరిగిందో నాకు రాయండి.

తెల్ల బట్టలు మాత్రం వేసుకెళ్లకండి.

మీ తాతయ్య