ఓల్డ్ మలక్‌పేట: రెండుసార్లు బూత్‌కు పిలిచిన డివిజన్

2020 డిసెంబరు 1, మంగళవారం. గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) ఎన్నికల పోలింగ్ పొద్దున ఏడింటికి మొదలైంది. 26వ డివిజన్ ఓల్డ్ మలక్‌పేటలో తొందరగా వచ్చిన వాళ్ళు ఓటేసి, వేలికి సిరాతో ఇంటికి వెళ్ళిపోయారు కూడా. ఆ తర్వాత బయటపడింది అసలు సంగతి. బ్యాలెట్ పేపర్ మీద సీపీఐ అభ్యర్థి పేరు పక్కన ఉండాల్సిన కంకి కొడవలి లేదు. ఆ చోట సీపీఎం గుర్తు, సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది. సీపీఐ నాయకులు ఫిర్యాదు చేశారు. రాష్ట్ర ఎన్నికల సంఘం డివిజన్‌లోని 69 పోలింగ్ కేంద్రాల్లోనూ పోలింగ్ రద్దు చేసి, గురువారం, అంటే డిసెంబరు 3న మళ్ళీ పెట్టింది. అప్పటిదాకా పడ్డ ఓట్లు చెల్లకుండా పోయాయి. ఈ ఒక్క డివిజన్ కోసం నగరమంతటికీ ఎగ్జిట్ పోల్స్ మీద నిషేధాన్ని మూడో తేదీ సాయంత్రం దాకా పొడిగించారు.

అప్పటికి ఇక్కడ దాదాపు 55 వేల మంది ఓటర్లుండేవారు. మూడో తేదీన వచ్చి ఓటేసిన వాళ్ళు నూటికి నలభై మంది కూడా లేరు. నాలుగో తేదీ లెక్కింపులో ఎంఐఎం గెలిచింది. టీవీల్లో ఆ వార్త ఒక వరుస స్క్రోలింగ్‌గా వెళ్ళిపోయింది.

గుర్తు మారితే అంత గొడవ దేనికని అప్పట్లో కొందరన్నారు. చదువు రాని ఓటరుకు బ్యాలెట్ అంటే గుర్తే. పతంగి, కారు, పువ్వు, చెయ్యి అంటారు తప్ప పార్టీ పేరు చెప్పేవాళ్ళు బస్తీల్లో తక్కువ. అందులోనూ కంకి కొడవలి సామాన్యమైన గుర్తు కాదు. 1951-52 మొదటి సాధారణ ఎన్నికల నుంచి ఇప్పటిదాకా మారకుండా ఒకే పార్టీ చేతిలో ఉన్న గుర్తు అది. 1964లో పార్టీ చీలినప్పుడు సీపీఎం వేరే గుర్తు తీసుకుంది కానీ సీపీఐ తన కంకిని వదల్లేదు. అలాంటి గుర్తు రాష్ట్ర రాజధాని నడిబొడ్డున తప్పు అచ్చయితే, ప్రూఫు చూడాల్సిన చోట ఎవరూ చూడలేదని అర్థం. ఈవీఎంలు వచ్చాక ఈ నగరం కాగితం బ్యాలెట్ మర్చిపోయింది. 2002 తర్వాత మళ్ళీ పద్ధెనిమిదేళ్ళకు, కరోనా పేరు మీద, 2020లోనే అది తిరిగొచ్చింది.

కానీ ఓల్డ్ మలక్‌పేట ఓటరు గురువారం నాడు ఎందుకు రాలేదో ఆ ఒక్క అచ్చు తప్పుతో తేలదు. దాని వెనక యాభై ఏళ్ళ కథ ఉంది.

కుతుబ్‌షాహీల కాలంలో అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులోని మాలిక్ యాకూబ్ పేరు మీదే మలక్‌పేట ఏర్పడిందని చెబుతారు. కోఠి వైపు నుంచి చాదర్‌ఘాట్ వంతెన దాటితే వచ్చేది ఇదే. గుర్రప్పందేల మైదానం, రైల్వే స్టేషన్, గంజ్, వాటిని అంటిపెట్టుకున్న ఇరుకు గల్లీలు, మూసీ ఒడ్డున బస్తీలు. నగరానికి మున్సిపల్ పాలన 1869లో, మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న రోజుల్లో వచ్చింది. అప్పుడు నగరం నాలుగు భాగాలు, చాదర్‌ఘాట్ శివారు ఐదు భాగాలు. 1933లో చాదర్‌ఘాట్ మున్సిపాలిటీ హైదరాబాద్‌లో కలిసింది. ఇప్పటికీ జీహెచ్ఎంసీని జనం బల్దియా అనే పిలవడం ఆ రోజుల నుంచి వచ్చిందే.

1951లో మాడపాటి హనుమంతరావు హైదరాబాద్ తొలి మేయరయ్యారు. 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్ కూడా కలిసి ఒకే కార్పొరేషన్ అయింది. ఆ పదేళ్ళూ వార్డు అంటే రాజకీయాల్లో తొలి మెట్టు. 1960లో మల్లేపల్లి వార్డు నుంచి గెలిచిన సలావుద్దీన్ ఒవైసీ 1962లో పత్తర్‌గట్టి నుంచి శాసనసభకు వెళ్ళారు. 1962లో రాణి కుముదినీ దేవి తొలి మహిళా మేయరయ్యారు. మేయర్‌గా పనిచేసిన బి. సరోజినీ పుల్లారెడ్డి తర్వాత ఈ మలక్‌పేట నుంచే ఎమ్మెల్యే అయ్యారు. నాలా గురించి, నల్లా గురించి మాట్లాడటం నేర్చుకున్న మనిషి అక్కడి నుంచి అసెంబ్లీకి వెళ్ళే దారి అప్పట్లో తెరిచి ఉండేది.

1970లో ఆ దారి మూసుకుపోయింది. ఆ ఏడు కౌన్సిల్ గడువు తీరాక మళ్ళీ ఎన్నికలు జరిగింది 1986లో. పదహారేళ్ళు! 1970లో ఓటు వయసు ఇరవై ఒకటి. ఆ ఏడాది ఇరవై ఏళ్ళున్న కుర్రాడు తన వార్డు మనిషికి మొదటిసారి ఓటేసేసరికి ముప్ఫై ఆరేళ్ళవాడయ్యాడు. ఈ మధ్యలో రాష్ట్రానికి అరడజను మందికి పైగా ముఖ్యమంత్రులు మారారు. అసెంబ్లీకి, లోక్‌సభకు ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. గల్లీలో దీపం వెలగకపోతే అడగడానికి మాత్రం ఎన్నికైన మనిషి లేడు. అంతా స్పెషల్ ఆఫీసర్ పాలనే. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఆ ఏర్పాటుతో హాయిగానే ఉందని నా అభిప్రాయం. కౌన్సిల్ లేకపోతే బడ్జెట్ మీద అడిగేవాళ్ళు ఉండరు, కమిషనర్ నేరుగా సచివాలయానికి జవాబు చెబుతాడు.

1986 ఎన్నికల నాటికి వార్డులు వంద. ఎంఐఎం 38 గెలిచి పెద్ద పార్టీగా నిలిచింది, కాంగ్రెస్ మద్దతుతో మేయర్ పీఠమెక్కింది. ఆ పార్టీ తరఫున కె. ప్రకాశ్‌రావు, ఆలంపల్లి పోచయ్య వంటి వారు మేయర్లయ్యారు. ఆ వరుసలో చివరి వారు మీర్ జుల్ఫికర్ అలీ. మజ్లిస్ (ఎంఐఎం) అంటే ముస్లింల పార్టీ అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళు ఈ పేర్లు ఒకసారి తలుచుకోవాలి. పాతనగరం వార్డు రాజకీయం బయటి నుంచి కనిపించేంత ఒకే రంగుది కాదు.

1990ల మొదట్లో ఆ కౌన్సిల్ గడువు కూడా తీరింది. మళ్ళీ అదే కథ, ఈసారి పదేళ్ళు. ఇందులో మనసుకు ఎక్కువ కష్టం కలిగించేది ఏమిటంటే, సరిగ్గా అప్పుడే 74వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 1993 జూన్ 1 నుంచి అది అమల్లో ఉంది. మున్సిపల్ కౌన్సిల్‌కు ఐదేళ్ళ గడువు, ఆ గడువు తీరేలోపే కొత్త ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలోనే రాసుకున్నాం. అలా రాసుకున్నాక కూడా హైదరాబాద్ 2002 దాకా ఎదురుచూసింది. ఆ ఎన్నికల్లో మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు, తెలుగుదేశం నుంచి తీగల కృష్ణారెడ్డి గెలిచారు.

2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది: ఓటర్ల జాబితా సవరణ, వార్డుల విభజన సాకుగా చూపి మున్సిపల్ ఎన్నికలు ఆపకూడదు. ఆ తీర్పు వచ్చిన మరుసటి ఏడే మన కౌన్సిల్ గడువు తీరింది, ఎన్నికలు మాత్రం జరగలేదు. 2007 ఏప్రిల్ 16న పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. ఎన్నికలు 2009 నవంబరులో పెట్టారు. ఆ కౌన్సిల్ 2014 డిసెంబరులో ముగిస్తే తర్వాతి ఓటు 2016 ఫిబ్రవరి 2న.

అన్నీ కలిపి చూడండి. పదహారేళ్ళు, పదేళ్ళు, రెండున్నరేళ్ళకు పైగా, పద్నాలుగు నెలలు. 1970 నుంచి 2020 దాకా యాభై ఏళ్ళలో దాదాపు ముప్ఫై ఏళ్ళు ఈ నగరానికి ఎన్నికైన కార్పొరేటర్ లేడు. ఇన్నేళ్ళు ఓటరును పిలవకుండా ఉండి, పిలిచిన రోజున రాలేదని నిందించడం న్యాయం కాదు. 2009లో 42 శాతం, 2016లో 45 శాతం, 2020లో 46 శాతం పోలింగ్ జరిగిందని చెప్పి నగర ఓటర్లకు బాధ్యత లేదని ప్రతిసారీ పత్రికలు రాస్తాయి. ఆ అంకెలు అబద్ధం కాదు. కానీ 2020లో కంచన్‌బాగ్‌లో 70 శాతం పైగా ఓటేశారు, యూసుఫ్‌గూడలో 33 శాతం దగ్గరే ఆగింది. పాతనగరం, కొత్తనగరం అన్న తేడాతో ఇది తేలేది కాదు.

ఇక నియోజకవర్గాల సరిహద్దు గీతల సంగతి. ఒకప్పుడు మలక్‌పేట అసెంబ్లీ నియోజకవర్గం ఎల్బీనగర్ వైపు దాకా పాకి ఉండేది. అందుకే 1983లో, 1985లో, మళ్ళీ 1999లో బీజేపీ తరఫున నల్లు ఇంద్రసేనారెడ్డి ఇక్కడ గెలిచారు. పునర్విభజన తర్వాత 2009లో ఎల్బీనగర్ విడిపోయి నియోజకవర్గం చిన్నదైంది. అప్పటి నుంచి 2023 దాకా నాలుగుసార్లూ ఎంఐఎం అభ్యర్థి అహ్మద్ బలాలే గెలిచారు. గల్లీలో మనుషులు అక్కడే ఉన్నారు, చుట్టూ గీత మారింది, ఫలితం మారింది.

డివిజన్ల స్థాయిలో అదే కథ ఇంకాస్త దగ్గరగా కనిపిస్తుంది. మలక్‌పేట కిందికి వచ్చే సైదాబాద్, మూసారాంబాగ్ డివిజన్లు 2016లో టీఆర్ఎస్‌వి, 2020లో రెండూ బీజేపీకి వెళ్ళాయి. వాటిని ఆనుకున్న ఓల్డ్ మలక్‌పేట రెండుసార్లూ పతంగి దగ్గరే, అంటే ఎంఐఎం దగ్గరే ఉంది. నగరం మొత్తం మీదా ఇంతే. 2009లో కాంగ్రెస్ 52, తెలుగుదేశం 45, ఎంఐఎం 43, బీజేపీ 5. 2016కు వచ్చేసరికి టీఆర్ఎస్ 99, ఎంఐఎం 44, బీజేపీ 4, కాంగ్రెస్ 2, తెలుగుదేశం 1. 2020లో టీఆర్ఎస్ 56, బీజేపీ 48, ఎంఐఎం 44, కాంగ్రెస్ 2. చుట్టూ గాలి ఎటు తిరిగినా ఎంఐఎంకు 43, 44, 44. ఇంత కదలని చోట గెలుపు ఎవరిదో ముందే తెలుసు. అందుకే పెద్ద పార్టీల పెద్ద నాయకులు ఇలాంటి గల్లీలకు ప్రచారానికి రావడం తక్కువ. సీపీఐ లాంటి చిన్న పార్టీ అభ్యర్థిని నిలబెట్టి ఇంటింటికీ తిరిగితే, ఆ గుర్తే తప్పు అచ్చయింది.

2020 ఎన్నిక ఎలాంటి రోజుల్లో వచ్చిందో మర్చిపోకూడదు. అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన నగరాన్ని ముంచింది. మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మలక్‌పేట బస్తీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు, ఆధార్ కాగితాలు తడిసి ముద్దయ్యాయి. ప్రభుత్వం ఇంటికి పదివేలు ప్రకటించింది. జనం మీసేవ కేంద్రాల ముందు పొద్దున్నుంచి లైన్లలో నిలబడ్డారు. నవంబరు 17న నోటిఫికేషన్ రావడం, మరునాడు ఎన్నికల కోడ్ పేరుతో ఆ పంపిణీ ఆగిపోవడం జరిగింది. సాయం కోసం లైన్‌లో నిలబడి ఉత్తచేతులతో వెనక్కి వచ్చినవాళ్ళే రెండు వారాల్లో ఓటు లైన్‌లో నిలబడాలి. ఓల్డ్ మలక్‌పేట వాళ్ళయితే రెండుసార్లు. రోజు కూలీకి పోయే మనిషికి మంగళవారం పోయింది, గురువారం కూడా పోవాలా? రీపోలింగ్‌లో ముందు పెట్టిన సిరాతో తికమక రాకుండా నడిమి వేలికి సిరా పెట్టడం ఆనవాయితీ. రెండో సిరా పెట్టించుకోవడానికి వచ్చిన ఆ వేల మందిని నేను గౌరవిస్తాను. వాళ్ళు చేసింది చిన్న పని కాదు.

ఈ డివిజన్ గురించి మాట్లాడేటప్పుడు మహిళల మాట తప్పక చెప్పాలి. 2016 నుంచి జీహెచ్ఎంసీలో సగం సీట్లు మహిళలవి. అవే రిజర్వేషన్లు రెండు ఎన్నికల దాకా కొనసాగేలా 2020లో చట్టం సవరించారు. రెండుసార్లూ ఓల్డ్ మలక్‌పేట కార్పొరేటర్ మహిళే. నీళ్ళ ట్యాంకర్ కోసం, డ్రైనేజీ కోసం బల్దియా సర్కిల్ ఆఫీసుకు ముందు నడిచేది ఎప్పుడూ ఆడవాళ్ళే కనుక, ఆ కుర్చీలోనూ ఆడమనిషి ఉండటం సబబే. ఆ మార్పు రావడానికి ఇన్నేళ్ళు పట్టిందన్నదే బాధ.

1970 తర్వాత పాత కౌన్సిల్ గడువు తీరకముందే కొత్త ఎన్నిక జరిగింది ఒక్క 2020లోనే. అందులోనే ఈ అచ్చు తప్పు. ఆ కౌన్సిల్ 2021 ఫిబ్రవరి 11న మేయర్‌ను ఎన్నుకుంది. రాజ్యాంగం లెక్కన దాని ఐదేళ్ళ గడువు 2026 ఫిబ్రవరి 10 వరకే. ఈలోగా, 2024 అక్టోబరులో, మూసీ సుందరీకరణ కోసం మూసానగర్, శంకర్‌నగర్‌లలో గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసి ఇళ్ళు కూల్చారు. ఆ కుటుంబాలు డబుల్ బెడ్రూం ఇళ్ళకు, వేరే వేరే డివిజన్లకు చెదిరిపోయాయి. ఓటరు జాబితాలో కొందరి పేర్లు ఇంకా పాత ఇంటి నంబరు మీదే ఉంటాయి, ఆ ఇల్లు మాత్రం ఉండదు. 2025 డిసెంబరులో చుట్టూ ఉన్న 27 పట్టణ స్థానిక సంస్థలను జీహెచ్ఎంసీలో కలిపి, డివిజన్లను 150 నుంచి 300 చేస్తూ కొత్త గీతలు గీశారు.

చాదర్‌ఘాట్ వంతెన దిగువన నీళ్ళొచ్చిన రాత్రి బస్తీవాళ్ళు మొదట ఫోన్ చేసేది ఎమ్మెల్యేకు కాదు, ఎంపీకి కాదు, కార్పొరేటర్‌కే. ఈ కొత్త గీతల్లో వాళ్ళ ఇల్లు ఏ డివిజన్‌లోకి వచ్చిందో, ఆ ఫోన్ ఎత్తే మనిషిని ఎన్నుకునే రోజు ఎప్పుడో, వాళ్ళు ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న అదే.