గ్రెయిన్ మురికి కాదు: పాత థ్రిల్లర్ల రీమాస్టర్లపై అపోహలు, వాస్తవాలు

పాత సినిమాల ఫిల్మ్‌ను స్కాన్ చేసి, గీతలు తీసి, రంగులు సరిచేసే పని, అంటే రీమాస్టర్ చేసే పని, నాది. రీమాస్టర్ డిస్క్ కొత్తగా కొనుక్కున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "4కె అన్నారు కదండీ, మరి తెర నిండా ఈ చుక్కలు కదులుతున్నాయేంటి? మోసపోయామా?" అడిగేసరికే కొందరు డిస్క్ వెనక్కి పంపేసి ఉంటారు. ఇంకొందరు టీవీ పాడైందేమోనని టెన్షన్ పడుతుంటారు. ఇష్టమైన సినిమా కోసం డబ్బు పెట్టినవాళ్లకు ఆ దిగులు సహజమే. కానీ ఈ ఒక్క అపోహ వల్ల మంచి డిస్కులు తిరిగి వెళ్లిపోతున్నాయి, చెడగొట్టినవి ఇంట్లో ఉండిపోతున్నాయి. అందుకే ముందు దీని సంగతి.

అపోహ: మంచి రీమాస్టర్‌లో గ్రెయిన్ కనిపించకూడదు.

కనిపించాలి. గ్రెయిన్ అంటే మీరు చూసే ఆ కదిలే చుక్కలే, ఫిల్మ్‌లోని సన్నని రేణువులు. ఫిల్మ్ మీద బొమ్మ ఏర్పడేదే ఆ రేణువులతో. వెలుగు తగిలిన సిల్వర్ హేలైడ్ స్ఫటికాలు డెవలపింగ్‌లో వెండి రేణువులవుతాయి. కలర్ ఫిల్మ్‌లో ఆ వెండిని తీసేస్తే వాటి చోట రంగు మరకలు మిగులుతాయి. కోటు నేత, చెంప మీద గరుకు, గోడ మీద పగుళ్లు అన్నీ ఈ రేణువుల అమరికలోనే ఉన్నాయి. వీటిని తుడిచేస్తే లోపల నుంచి ఇంకో శుభ్రమైన బొమ్మ బయటికి రాదు, ఉన్న బొమ్మే పోతుంది.

చుక్కలను తుడిచే సాఫ్ట్‌వేర్ డీఎన్ఆర్ (డిజిటల్ నాయిస్ రిడక్షన్) అతిగా వాడినప్పుడు జరిగేది అదే. రేణువు ఏది, చర్మం మీది సన్నని గీత ఏది అన్నది ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. రెండింటినీ కలిపి చదును చేస్తుంది, ముఖాలు మైనం పూసినట్టు నున్నగా తయారవుతాయి. పోయిన పదును తెచ్చిపెట్టడానికి ఆపైన షార్ప్‌నెస్ పెంచుతారు. అప్పుడు మనుషుల చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తుంది. దుకాణంలో టీవీ మీద చూస్తే ఇదే "క్లియర్‌గా" అనిపిస్తుంది, అదీ బాధ.

థ్రిల్లర్లకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. వాటి కథ సగం చీకట్లోనే నడుస్తుంది కాబట్టి. 1949లో వచ్చిన ‘ది థర్డ్ మ్యాన్’ చూడండి. వియన్నా రాత్రి వీధుల్లో తడిసిన రాళ్ల మీద పడే వెలుగుకే అందులో ఒక పాత్రంత బలం ఉంది. ఆ ఛాయాగ్రహణానికి రాబర్ట్ క్రాస్కర్ ఆస్కార్ అందుకున్నాడు. అలాంటి నీడల్లో నలుపుకూ నలుపుకూ మధ్య ఉండే మెట్లను పట్టి ఉంచేది గ్రెయినే. దాన్ని తీసేస్తే గుమ్మం వెనక నిలబడ్డ మనిషి ఒక నల్లటి ముద్ద అవుతాడు. అక్కడెవరో ఉన్నారా, లేరా అని ప్రేక్షకుడు కళ్లు చికిలించి చూడాల్సిన క్షణం కాస్తా పోతుంది.

దుమ్ము, గీతలు మాత్రం తీయాల్సిందే, అందులో వాదన లేదు. అయితే దానికీ కళ్లు పెట్టి చూసే మనిషి కావాలి. ఆటోమేటిక్ క్లీనింగ్ పక్కపక్క ఫ్రేములను పోల్చుకుని, ఒక్క ఫ్రేములోనే కనిపించి మాయమయ్యేదాన్ని దుమ్ము అనుకుంటుంది. తుపాకీ గొట్టం చివర మెరుపు చాలాసార్లు ఉండేది ఒక్క ఫ్రేములోనే! ఒకసారి వేరేచోట శుభ్రం చేసిన రీళ్లు రంగుల పని కోసం మా దగ్గరికి వచ్చాయి. పతాక సన్నివేశంలో పేలుడు వినిపిస్తోంది, మనిషి కూలిపోతున్నాడు, మెరుపు మాత్రం లేదు. ముడి స్కాన్ తెరిస్తే అందులో భేషుగ్గా ఉంది. ఇక ఆ రీళ్లన్నీ మళ్లీ మొదటి నుంచి చూడక తప్పలేదు. వాన చినుకులూ, ఎగిరే నిప్పురవ్వలూ ఇలాగే పోతుంటాయి.

అపోహ: ఒక షాట్ బాగుండి వెంటనే ఇంకోటి మసకబారితే డిస్క్ లోపం.

ఒకాయన ఇదే విషయమై ప్లేయర్ కూడా మార్చారు. ఏ చోట జరుగుతోందో రాసి పంపమన్నాను. చూస్తే అన్నీ డిజాల్వ్‌లే. ఆ రోజుల్లో ఒక దృశ్యం కరిగి ఇంకో దృశ్యంగా మారాలంటే రెండు షాట్లనూ ఆప్టికల్ ప్రింటర్‌లో కలిపి వేరే ఫిల్మ్ మీదికి మళ్లీ తీసేవారు. నకలు కాబట్టి అక్కడ గ్రెయిన్ ముదురుతుంది, పదును తగ్గుతుంది. డిజాల్వ్ అయిపోగానే బొమ్మ మళ్లీ తేటపడుతుంది. టైటిల్ కార్డులు పడే చోటా అంతే. ఈ మాట చెప్పాక ఆయన గొంతులో వచ్చిన నిశ్చింత నాకు ఇప్పటికీ గుర్తు.

అలాగని కదిలే ప్రతి చుక్కా గ్రెయిన్ కాదు. గ్రెయిన్ ఫ్రేము ఫ్రేముకీ మారుతుంది, తెరంతా పరుచుకుని ఉంటుంది. నీడల్లో చతురస్రాల్లాంటి గళ్లు, గోడ మీద మెట్లుమెట్లుగా పట్టీలు కనిపిస్తే అది కంప్రెషన్, అంటే వీడియో డేటాను కుదించడం వల్ల వచ్చే లోపం. స్ట్రీమింగ్‌లో ఇది ఎక్కువ. క్షణక్షణం మారే గ్రెయిన్‌ను కుదించడం కష్టం, వాళ్లు పంపే డేటా తక్కువ. యూహెచ్‌డీ (4కె) డిస్క్‌లో 100 జీబీ దాకా పడుతుంది కాబట్టి అదే సినిమా అక్కడ ఊపిరి తీసుకుంటుంది.

అపోహ: 35 ఎంఎం పాత సినిమాలో 4కె అంత వివరం ఎక్కడిది?

ఒరిజినల్ నెగటివ్, అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిల్మ్, బతికి ఉంటే కావలసినంత ఉంది. 1958 నాటి హిచ్‌కాక్ థ్రిల్లర్ ‘వర్టిగో’ తీసిన విస్టావిజన్‌లో ఫిల్మ్ అడ్డంగా పరుగెడుతుంది, ఒక్కో ఫ్రేము మామూలు 35 ఎంఎం కంటే రెట్టింపుకు పైగా పెద్దది. అందుకే పెట్టె మీద 4కె అని ఉందా అని కాదు, దేన్నుంచి స్కాన్ చేశారని అడగండి. నెగటివ్ నుంచి తీసినదానిలో గ్రెయిన్ సన్నగా, నిలకడగా ఉంటుంది. నెగటివ్ పోయి, నకలు తీసిన నకలు మాత్రమే మిగిలితే ముతకగా ఉంటుంది. అప్పుడు ఎవరు ఏం చేసినా అంతకు మించి రాదు.

అపోహ: నేను అప్పట్లో చూసిన రంగులు ఇవి కావు, కాబట్టి ఇవి తప్పు.

కావచ్చు, కాకపోవచ్చు. 1950లో వచ్చిన ఈస్ట్‌మన్‌కలర్ అనే కలర్ ఫిల్మ్ మీద తీసిన ప్రింట్లు కాలం గడిచేకొద్దీ వెలిసి గులాబీ రంగుకు తిరిగేవి. మీరు చూసింది అలాంటి ప్రింటే అయి ఉండొచ్చు. ‘వర్టిగో’ నెగటివ్ కూడా వెలిసిపోతే 1996లో రాబర్ట్ హారిస్, జేమ్స్ కాట్జ్ దాన్ని పునరుద్ధరించారు. మరోవైపు, కొత్త రీమాస్టర్లలో ఉన్నదానికీ లేనిదానికీ నీలి ఆకుపచ్చ ఛాయ పూస్తున్నారన్న ఫిర్యాదు చాలాచోట్ల నిజమే. నాకూ అది నచ్చదు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. వెలుగుకూ నీడకూ మధ్య తేడాను ఎక్కువగా చూపే హెచ్‌డీఆర్ అంటే తెరంతా వెలిగిపోవడం కాదు. రాత్రి సన్నివేశం రాత్రిలాగే ఉండి, దీపం మాత్రం దీపంలా వెలగాలి. పైనా కిందా, లేదా పక్కల వచ్చే నల్ల పట్టీలు బొమ్మను కోసినందువల్ల వచ్చినవి కావు, కోయనందువల్ల వచ్చినవి. జూమ్ చేయకండి. ఏఐతో పదును పెంచిన వెర్షన్లలో కనిపించే కనురెప్పలు ఆ నటివి కావు, సాఫ్ట్‌వేర్ ఊహించి గీసినవి.

డిస్క్ వెనక్కి పంపే ముందు మాత్రం ఒక పని చేయండి. టీవీలో నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ ఆపేసి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ మీ టీవీలో ఉంటే ఇదంతా అదే చూసుకుంటుంది. గదిలో లైట్లు తగ్గించి, మామూలుగా కూర్చునే దూరం నుంచి ఒక చీకటి సన్నివేశం పది నిమిషాలు చూడండి. అప్పటికీ ముఖాలు నున్నగా మైనంలాగే ఉంటే పంపేయండి, తప్పు మీది కాదు.